నడకకు డెబ్బై హలాలాలు

శుక్రవారం పొద్దున ఆరున్నరకే
జుబేల్‌ల ఎండ హాజరు పిలుస్తది.
క్యాంపు వెనుక, పైపులు దించే జాగల,
కన్వేయర్ బెల్టు ముక్కలకు మేకులు కొట్టి
ఫిలిప్పీనోలు బేసులు అంటరు.
నాలుగోదాని పేరు ఇల్లు.
ఇల్లు సుత బెల్టు ముక్కే.

నేను టైంకీపర్ని. మెట్‌పల్లి పక్క మాది.
గంటలు రాయవట్టి పదకొండేండ్లు.
నా చేతిరాత చూసి స్కోరు పుస్తకం చేతిలవెట్టిన్రు,
ఆట తెల్వకముందే.

మొదటి సీజనంతా ఒకటే లెక్క:
ఎన్నిసార్లు కొట్టవోయిండు, ఎన్నిసార్లు తగిలింది.
పైప్‌ఫిట్టర్ రోడెల్ నలభైకి పన్నెండు. నూటికి ముప్పై.
స్టోర్ల పనిచేసే ఎలిసెయో ముప్పైకి ఆరు. నూటికి ఇరవై.
గదే రాసి మెస్ గోడకు అతికించిన.
రోడెల్ దాని ముందట నిలబడి ఫోటో దిగిండు.

సేఫ్టీ ఇంజనీరు ఓక్ సార్, కొరియాయన,
టీ తాగుకుంట ఆ కాయితం సదివిండు.
"ఎలిసెయో నలభైసార్లు వచ్చిండు గదా,
ఈ పది ఏడవోయినయ్?"
నడిచిండు సార్. నాలుగు చెడ్డ బంతులు ఇడిసిపెట్టి
ఊకెనే మొదటి బేసుకు నడిచిండు.
నడక లెక్కకు రాదు.
"ఎవరన్నరు రాదని?"

నాకు మా దిక్కు క్రికెట్ల వైడు యాదికొచ్చింది.
దానికి పరుగొస్తది, పరుగుకు పేరుండది,
ఎక్స్‌ట్రాలనే గడిల దిక్కులేనట్టు పడి ఉంటది.

ఆ రాత్రి పాత టైంషీటు వెనుక
ఆయన ఒక్కో పనికి ఒక్కో ధర కట్టిండు.
నేను హలాలాల్లకు మార్చుకున్న.
నడకకు డెబ్బై.
ఒక్క బేసు దెబ్బకు తొంభై.
రెండు బేసులకు రియాలుంబావు.
కంచె దాటితే రెండు రియాళ్ళ పది.

కంచె దాటింది నాలుగింతలు గావాలె గదా సార్?
"ముంగట ముగ్గురుంటే ఒక తీరు,
ఎవ్వలు లేకుంటే ఒక తీరు.
వేల ఆటలు కలిపి సగటు తీస్తే
అది తెచ్చే పరుగులు గింతే."

నాకు జల్ది ఎక్కింది.
మామూలు గంట ఒకటి, ఓవర్‌టైం గంట ఒకటిన్నర;
గంటలన్నీ ఒక్క తీరు గావని
నాకంటే ఎవలికెరుక?

రోడెల్‌వి పన్నెండూ ఒక్క బేసు దెబ్బలే:
పది రియాళ్ళ ఎనభై.
ఎలిసెయో నడకలు పది, చిన్న దెబ్బలు మూడు,
రెండు బేసులది ఒకటి, కంచె దాటినయి రెండు:
పదిహేను రియాళ్ళ పదిహేను.
నలభైతోని భాగిస్తే, వచ్చినప్పుడల్లా
ఒకనికి ఇరవై ఏడు, ఒకనికి ముప్పై ఎనిమిది.

మల్ల కూడిన. మల్ల గంతే.
అవుతలి దాంట్ల ఒకటి గాలి దినం కొట్టింది,
ఉత్తరపు గాలి బంతిని ఎత్తుకపోయి కంచె దాటించింది.
గాలి వాటా కోసేసిన.
అయినా వీడే పైన.

దమ్మాం పోయే జట్టుల ఒకటే జాగ ఉండె.
కాయితం పట్టుకపోయి కెప్టెన్‌కు చూపించిన.
"నిలబడేటోనికి ఇనామా?" అని నవ్వి
రోడెల్ పేరే రాసిండు.
ఎలిసెయో ఏమనలే.
ఆ కాయితం అడిగి తీసుకొని, మడిచి,
ఇకామా వెనుక పెట్టుకున్నడు.

శనివారం. టైంషీటు.
పోశెట్టి, ఫైర్ వాచ్, పది గంటలు.
వెల్డింగు పక్కన ఎర్ర సిలిండరు పట్టుకొని నిలబడుడు అతని పని.
ఏం చేసినవే పోశెట్టీ అంటే
"ఏం కాలే" అంటడు.
ఆ "ఏం కాలే"కు ఎన్ని హలాలాలు?
ఓక్ సార్‌ను అడిగిన.
జెర్రసేపు ఆలోచన చేసి,
అంటుకున్న దినాలు సుత లెక్కల ఉంటెనే తెలుస్తది అన్నడు.
నా దగ్గర అవి రెండే ఉన్నయి.
రెండిట్ల ఒకటి నేను మర్చిపోవాలనుకునేది.

మల్ల శుక్రవారం.
మూడు చెడ్డ బంతులు. నాలుగోది
కాళ్ళ దగ్గర దుమ్ము లేపింది.
ఎలిసెయో బ్యాటు ఇసిరెయ్యలే,
పసిపిల్లను పండవెట్టినట్టు నేల మీద పెట్టి
నడిచిండు.
ఎవ్వలు సప్పట్లు కొట్టలే.
నేను రాసిన: డెబ్బై.